వెంటులోంచి వినబడిన గాయని

ఆ గాయని పాడే మాటల్లో ఒక్కటి కూడా నాకు అర్థం కాదు. అయినా కెనడాలోని వాటర్లూలో నా మొదటి చలికాలమంతా, రోజూ సాయంత్రం ఆరింటికి తప్పకుండా నన్ను పలకరించిన మనిషి ఆమె ఒక్కతే.

నేను అద్దెకున్నది ఒక చైనా ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో. పైన ఆవిడ, కింద నేను, మధ్యలో హీటర్ గాలి తిరిగే రేకు గొట్టం. ఆ గొట్టానికి నా గది సీలింగులో జల్లెడలాంటి మూత ఒకటి ఉండేది. దాన్ని ఇక్కడ వెంట్ అంటారు. ఆంటీ వంట మొదలుపెడుతూ పాట పెట్టేవారు. వేడిగాలి, వెల్లుల్లి వాసన, ఆ పాట మూడూ కలిసి నా నెత్తి మీదికి దిగేవి. అభిమానుల్లో చాలా రకాల ఫ్యాన్లుంటారు. నేను ఆ గాయనికి ఎగ్జాస్ట్ ఫ్యాన్‌ని.

నా గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. అప్పట్లో చెప్పుకుందామన్నా వినేవాళ్ళు లేరు. నలభై ఎనిమిదేళ్ళవాణ్ణి. సొంతూరు తెనాలి పక్కన. అమెరికాలో పదకొండేళ్ళుండి, వీసా, పెళ్ళి రెండూ రెన్యూ కాక కెనడా చేరినవాణ్ణి. ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అంటే ఇతరుల పనిలో తప్పులు పట్టడం. రోజుకు ఎనిమిది గంటలు తప్పులు పట్టి, మిగతా పదహారు గంటలు తప్పులు చేస్తూ ఉండేవాణ్ణి. మంగళవారం ఒక్కరోజే ఆఫీసుకు వెళ్ళాలి, తక్కిన రోజులు ఇంటినుంచే పని. కాబట్టి బుధవారం మొదలు సోమవారం దాకా నేను నోరు తెరిచి అనే మాట ఒక్కటే: “కెన్ యూ హియర్ మీ?” దానికి చాలాసార్లు జవాబు వచ్చేది కాదు.

వాషింగ్ మెషీన్ నా గది పక్కనే. శనివారం ఆంటీ బట్టల బుట్టతో కిందికి వచ్చేవారు. నేను తప్పుకునేవాణ్ణి, ఆవిడ తలూపేవారు. నాలుగు నెలల పాటు మా పరిచయం అంతవరకే. ఒక శనివారం ఆవిడ వస్తున్న సంగతి గమనించక, చొక్కాలు మడతపెట్టుకుంటూ ఆ ఆరుగంటల పాటను కూనిరాగం తీస్తున్నాను. బుట్ట కింద పెట్టిన చప్పుడైంది.

ఆవిడ ఇంగ్లీషు, నా ఇంగ్లీషు వేరు వేరు దేశాల్లో విరిగినవి. ఇక్కడ అతికించి తెలుగులో రాస్తున్నాను.

“నువ్వు... ఈ పాట తెలుసు?”

“పైనుంచి వస్తుంది ఆంటీ. రోజూ.”

“రోజూ! అయ్యో, చప్పుడు. నేను తగ్గిస్తా.”

“వద్దు వద్దు, తగ్గించకండి,” అన్నాను, హీటర్ ఆపేస్తానని బెదిరించినంత కంగారుగా.

ఆవిడ నన్ను ఎగాదిగా చూశారు. “పాడు,” అన్నారు.

పాడాను. నా గొంతులో పాడటానికీ పాడుచేయడానికీ పెద్ద తేడా ఉండదు. ఆవిడ మాత్రం సంగీతం పరీక్షకు కూర్చున్న మాస్టారిలా కళ్ళు మూసుకుని పూర్తిగా విన్నారు.

“ట్యూన్ సరి. మాటలు చైనీస్ కాదు.”

“మరి?”

“ఏ భాషా కాదు,” అని బుట్ట ఎత్తుకుని, మెట్ల మీద ఆగి వెనక్కి తిరిగారు. “డౌన్‌స్టేర్స్! అన్నం తిన్నావా?”

ఆ రోజు నుంచి నా పేరు డౌన్‌స్టేర్స్. ఆవిడకు ఎప్పుడు పిలవాలనిపిస్తే అప్పుడు చెప్పుతో నేల మీద రెండుసార్లు తట్టేవారు. రెండు తట్లంటే పైకి రమ్మని. తట్టనప్పుడు నేను వెళ్ళేవాణ్ణి కాదు. తట్టినప్పుడు మాత్రం మెట్లు ఎంత వేగంగా ఎక్కినా, పైకి చేరాక ఒక్క నిమిషం ఆగి, ఏదో తోచక వచ్చినవాడిలా మొహం పెట్టి తలుపు తోసేవాణ్ణి.

భోజనం దగ్గర ఆ గాయని కథ నడిచేది. ఆంటీ ఇరవై ఏళ్ళ వయసులో ఒక నూలు మిల్లులో పనిచేశారట. హాస్టల్లో గదికి ఎనిమిది మంది, ఎనిమిది మందికీ కలిపి ఒక టేప్ రికార్డరు. గాయనికీ వాళ్ళ వయసే. మొదటి క్యాసెట్టు వచ్చిన కొత్తలో అసలు క్యాసెట్టును చూసినవాళ్ళు ఆ మిల్లులో ఎవరూ లేరు. ఒకదాన్నించి ఒకటి, దాన్నించి ఇంకొకటి కాపీ చేసుకుంటూ పోయేసరికి, వీళ్ళ దాకా వచ్చిన గొంతు బావి లోపలినుంచి పాడుతున్నట్టు ఉండేదట.

“తర్వాత సీడీ వచ్చింది. గొంతు క్లీన్. నాకు నచ్చలేదు. మా గొంతు కాదు అది,” అన్నారు ఆంటీ.

“రేకు గొట్టంలోంచి వింటే మళ్ళీ అలాగే ఉంటుంది ఆంటీ. కిందికి రండి ఒకసారి.”

నేను వేళాకోళానికి అన్నాను. ఆవిడ నిజంగానే వచ్చారు. పైన పాట పెట్టి, కింద నా మంచం అంచున కూర్చుని, సీలింగు వైపు మొహం పెట్టి విన్నారు. కాసేపటికి, “అవును. మిల్లు,” అన్నారు.

గాయని జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంటే ఆ ఏడాది మిల్లులో ఆడపిల్లలంతా అదే కత్తిరింపు. యంత్రాల్లో జుట్టు పడదు కదా అని సూపర్‌వైజరు కూడా సంతోషించాడట. తర్వాత ఆమె పాటలు టీవీ సీరియళ్ళకెక్కాయి, కొత్త సంవత్సరం ముందురోజు దేశమంతా చూసే కార్యక్రమంలోకి ఎక్కాయి. స్టేడియాలు నిండాయి. ఆ తర్వాత కుర్ర గాయకులు వచ్చారు, వాళ్ళకు డాన్సు కూడా వచ్చు. ఈమె నిలబడి పాడేది, అంతే. గొంతుకు జబ్బు చేసి కొన్నేళ్ళు మాయమైంది. అయిపోయిందన్నారు. అంతలో ఎవరో పిల్ల ఫోన్లో ఆమె పాత పాటకు పెదవులాడించి వీడియో పెడితే, మనవల వయసువాళ్ళు ఎవరీవిడ అని వెతకడం మొదలుపెట్టారు. మళ్ళీ కచేరీలు. ఈసారి దేశం బయట, చైనావాళ్ళున్న ఊళ్ళన్నింటిలో.

“చైనాలో స్టేడియం,” అన్నారు ఆంటీ. “కెనడాలో కేసినో. వయసొస్తే అందరూ కేసినోకే.”

అది హాస్యం కాదు. ఇక్కడ కేసినోల్లో పెద్ద పెద్ద థియేటర్లున్నాయి. ఒకప్పటి చైనా గాయకులు వాటిలో పాడతారు. వాళ్ళ వయసు అభిమానులను ఎక్కించుకుని చైనీస్ ప్లాజాల నుంచి బస్సులు వెళతాయి. మధ్యాహ్నం ఆట, చీకటి పడేసరికి ఇల్లు.

ఏప్రిల్‌లో ఒకరోజు రెండు తట్లు వినిపించాయి. పైకి వెళితే బల్ల మీద రెండు టికెట్లు ఉన్నాయి. గాయని నయాగరా దగ్గర పాడుతోంది.

“ఎవరితో వెళ్తున్నారు ఆంటీ?”

“రెండు టికెట్లు. ఫోన్లో కొనేటప్పుడు నేను ఎప్పుడూ రెండు నొక్కుతా.” ఆవిడ టికెట్లను బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి సర్దారు. భర్త పోయింది నేను రాకముందు ఏడాది. ఎప్పుడూ ఇద్దరూ కలిసే వెళ్ళేవారు. “నొక్కాక గుర్తొచ్చింది. డౌన్‌స్టేర్స్, నువ్వు వస్తావా?”

ఆ మంగళవారం ఆఫీసులో నా మొహంలో ఏదో తేడా కనిపించి ఉంటుంది. నా పక్క సీటు వరంగల్ తమ్ముడు కుర్చీ ఇటు తిప్పాడు.

“ఏందన్నా, ఎన్నడు లేంది నవ్వుతున్నవ్? జాబ్ ఏమన్న మారుతున్నవా?”

“ఆదివారం కచేరీకి వెళ్తున్నా.”

“ఎవలది?”

చెప్పాను. వాడు నోరు తెరిచాడు. “చైనా పాటలా? నీకేం సమజైతదన్నా?”

“నీ మాటలు అర్థం చేసుకోవట్లేదా? అలాగే.”

“అబ్బో, పంచ్!” అని నవ్వి, “మరి పేపర్లు చింపినవా లేదా? ఫ్యాన్ అన్నంక ఎంట్రీకి పేపర్లు ఎగరెయ్యకపోతే ఏం ఇజ్జత్ ఉంటదే?” అని మళ్ళీ తన స్క్రీన్ వైపు తిరిగిపోయాడు.

వాడు ఊరికే అన్నాడు. నేను టెస్టర్ని. చెప్పినదాన్ని చెప్పినట్టు చేసి చూడటం నా వృత్తి. పైగా జీవితంలో నాకు బాగా వచ్చిన విద్యలు రెండే. ఒకటి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేయడం, రెండోది కాగితాలు చింపడం. కాలేజీ రోజుల్లో మా హీరో సినిమా మొదటి ఆటకు కాగితాల విభాగం నాదే. న్యూస్ పేపరు పనికిరాదు, వెలుగులో మెరవదు. తెల్లది కావాలి. ముక్క బొటనవేలి గోరంత ఉండాలి. పెద్దదైతే నిట్టనిలువునా పడుతుంది, చిన్నదైతే అసలు ఎగరదు. కత్తెర వాడకూడదు. చేత్తో చింపిన అంచు గాలిని పట్టుకుంటుంది. ఇంత శాస్త్రం నా బుర్రలో ఇరవై ఐదేళ్ళుగా ఉద్యోగం లేకుండా పడి ఉంది.

శనివారం మధ్యాహ్నం చింపడానికి కూర్చున్నాను. ఇంట్లో ఉన్న తెల్ల కాగితాలు పీఆర్‌కు, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, అప్లై చేసినప్పటి జిరాక్సులే. పదేళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నావో తేదీలతో సహా చెప్పమంటే రాసిచ్చిన చిరునామాలు, జీతం చీటీలు, విడాకుల పత్రం. పీఆర్ వచ్చేసింది కాబట్టి వాటితో పని లేదు. ఒక్కొక్క అపార్ట్‌మెంటునూ గోరంత ముక్కలు చేసి బ్రెడ్డు సంచీలో నింపాను. చాలా రోజుల తర్వాత ఈల కూడా వేస్తూ చింపాను.

ఆదివారం పదింటికి ప్లాజా ముందు బస్సు. అందులో అందరూ అరవై దాటినవాళ్ళే. అందరి చేతుల్లో లేత ఆకుపచ్చ లైటు కర్రలు. ఆ గాయని రంగు అది, వేరే రంగు పట్టుకుంటే వేరే గాయకుడి మనిషని అర్థమట. ఆంటీ సంచీలోంచి రెండు తీసి ఒకటి నాకిచ్చారు. దాని పిడికి అరిగిన రబ్బరు బ్యాండు చుట్టి ఉంది. ఎవరిదని నేను అడగలేదు.

“నెమ్మది పాట, ఇటూ అటూ. ఎడమ ముందు,” అని చెయ్యి పట్టుకుని చూపించారు. “కుడి ముందు ఊపితే పక్కవాళ్ళకు తగులుతుంది.”

నయాగరా దాకా నాతో ఎడమ, కుడి సాధన చేయించారు. ముందు సీటు టోపీ పెద్దాయన వెనక్కి తిరిగి, “కొడుకా?” అని అడిగినట్టున్నాడు. ఆంటీ చైనీస్‌లో ఏదో అంటే, చుట్టుపక్కల నాలుగు సీట్లు నవ్వాయి. అందులో డౌన్‌స్టేర్స్ అన్న మాట మాత్రం నాకు వినిపించింది. నన్ను చూసి ఎవరైనా నవ్వితే ఇంత సంతోషమేస్తుందని నాకు తెలీదు.

మా సీట్లు ఏడో వరసలో. దీపాలు ఆరాయి. తెర జరిగితే, తెల్లటి వెలుగులో ఒక చిన్న మనిషి మైకు కర్రను పట్టుకుని నిలబడి ఉంది. చెవుల దాకా జుట్టు. వెయ్యి ఆకుపచ్చ కర్రలు ఒక్కసారి పైకి లేచాయి కానీ, చప్పుడు లేదు. ఆమె వాద్యాలేవీ లేకుండా మొదలుపెట్టిన మొదటి పాట, మా ఆరుగంటల పాట.

నేను లేచి నిలబడ్డాను. రెండు వేళ్ళు నోట్లో పెట్టి, తెనాలి థియేటరు రేకులు అదిరిన ఈల ఒకటి వేసి, రెండు గుప్పిళ్ళ కాగితాలు పైకి విసిరాను. ఆ వెంటనే ఇంకో రెండు.

పనితనం మాత్రం పోలేదని చెప్పాలి. స్పాట్‌లైట్ దారిలోకి ఎగిరి, మెరిసి, గిరగిరా తిరుగుతూ అయిదారు వరసల మీద మంచులా దిగాయి. నేను చప్పట్ల కోసం చుట్టూ చూశాను.

ముందు వరసలో ఒకావిడ జుట్టు మీది ముక్కను నిప్పురవ్వ పడ్డట్టు దులిపేసుకున్నారు. ఎవరో పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చారు. వేదిక మీద ఆమె గొంతు ఒక్క క్షణం ఆగింది. తలెత్తి గాలిలో ఉన్న కాగితాలను చూసింది. మళ్ళీ అందుకుని పాడింది. ఆంటీ నావైపు చూడలేదు. ఒళ్ళో పడ్డ ముక్కలను ఒక్కొక్కటిగా ఏరి కోటు జేబులో వేసుకుంటున్నారు. ఒక గార్డు వచ్చి వంగి, “సర్, ప్లీజ్,” అన్నాడు. నేను కూర్చున్నాను. బ్రెడ్డు సంచీలో ఇంకా సగం మిగిలింది.

బయట బస్సు కోసం నిలబడ్డప్పుడు టోపీ పెద్దాయన నా పక్కకు వచ్చాడు. కోపంగా ఏమీ లేడు.

“మీ దేశంలో ఇది మంచిదా?”

“చాలా మంచిదండీ. గౌరవం.”

“మా దగ్గర తెల్ల కాగితాలు చల్లేది శవం వెళ్ళే దారిలో. పోయినవాళ్ళకు దారి కోసం,” అని టోపీ సర్దుకుని, “ఆమె గొంతు ఆపరేషన్ చేయించుకుని వచ్చింది,” అన్నాడు.

తిరుగు బస్సులో ఆంటీ నాకు కిటికీ పక్క సీటిచ్చారు. ఇంటి దగ్గర తాళం తీస్తూ, “గుడ్ నైట్,” అని నా పేరు పెట్టి, ముందు మిస్టర్ చేర్చి పిలిచారు. ఆవిడకు నా పేరు తెలుసని అప్పుడే తెలిసింది. లీజు కాగితం మీద చూసి ఉంటారు. ఇన్నేళ్ళలో నా పేరు వింటే అంత పరాయిగా ఎప్పుడూ అనిపించలేదు.

మర్నాడు ఆరింటికి వెంట్‌లోంచి వేడిగాలి వచ్చింది, వెల్లుల్లి వచ్చింది, పాట రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు. తట్లూ లేవు. శనివారం బట్టల బుట్ట నేను బయటికి వెళ్ళినప్పుడు వచ్చి వెళ్ళిపోయేది. మూడు వారాలయ్యాక ప్లాజాలో ఆ గాయని పోస్టరు మీద అడ్డంగా ఒక కాగితం అంటించి ఉంటే, ఫోన్లో అనువాదం చేసి చూశాను. మాంట్రియల్, వాంకూవర్ కచేరీలు రద్దు. డాక్టర్ల సలహా మీద విశ్రాంతి.

ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం కాదని ఆఫీసు రిపోర్టుల్లో వందసార్లు రాసినవాణ్ణి. పోస్టరు ముందు నిలబడితే అది ఒక్కసారి కూడా నిజమనిపించలేదు. అక్కడ ప్రపంచానికి ఒక గొంతు పోయింది. ఇక్కడ నాకున్న ఒక్క తలుపు పోయింది. రెండూ నేను చేత్తో చింపినవే.

క్షమాపణ చీటీ రాయబోయాను. అలవాటు కొద్దీ మొదటి వాక్యం ‘సమస్య తీవ్రత: అధికం’ అని వచ్చింది. చీటీ చింపబోయి, చింపడం నాకు అచ్చిరాదని మడిచి పెట్టాను.

వరంగల్ తమ్ముడికి చెబితే నవ్వలేదు. “నేనే అంటిని గదన్నా. మాఫ్ చెయ్,” అన్నాడు. కాసేపయ్యాక, “పొయ్యి చెప్పరాదు? మనకాడ ఎట్లుంటదో ఆమెకేం తెలుసు? వీడియో చూపియ్,” అన్నాడు.

ఆ సాయంత్రం వెల్లుల్లి వాసన దిగాక, చీపురు కర్ర తిరగేసి సీలింగు మీద రెండుసార్లు తట్టాను. కిందినుంచి తట్టడం అదే మొదలు. పైన అడుగులు ఆగిపోయాయి. చాలాసేపటికి మళ్ళీ కదిలాయి. మెట్ల మీది తలుపు తెరుచుకుంది.

“హీటర్ పాడైందా?” అన్నారు ఆంటీ.

“లేదు ఆంటీ. ఒకటి చూపించాలి.”

పైకి వెళ్ళి, బల్ల దగ్గర కూర్చున్నాక, ఫోన్లో మావైపు థియేటర్లో మొదటి ఆట వీడియో పెట్టాను. తెర మీద హీరో కాలు మోపగానే కాగితాల తుపాను. తెర కనబడదు. ఈలలు, కుర్చీలెక్కి గంతులు. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని చూశారు.

“ఎవరు పోయారు?”

“ఎవరూ పోలేదు. హీరో వచ్చాడు.”

“వచ్చినందుకా?”

“వచ్చినందుకే.”

మళ్ళీ పెట్టమన్నారు. మూడోసారి చూసి, “ఇంతమంది పిచ్చివాళ్ళా!” అన్నారు.

“నేను కూడా ఆంటీ. అందులో కాగితాల విభాగం.”

ఆవిడ లేచి వెళ్ళి ఒక చిన్న సాసరు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆ రోజు ఒళ్ళో ఏరుకున్న ముక్కలు. కొన్నింటిని పక్కపక్కన పెట్టి అతికించి చూసినట్టున్నారు.

“ఇక్కడ ‘అపార్ట్‌మెంట్ 3’ అని ఉంది. ఎక్కడ?”

“డల్లాస్‌లో. నాలుగేళ్ళున్నాం.”

“ఉన్నాం?”

“నేనూ, నా భార్యా.”

ఆవిడ తలూపి ఆ ముక్కను మళ్ళీ సాసరులో పెట్టారు. తర్వాత తన మాటలు వెతుక్కుంటూ చెప్పారు. భర్తను ఇక్కడి శ్మశానంలో పెట్టినప్పుడు, అక్కడ ఏమీ చల్లకూడదని ఆఫీసులో చెప్పారట. ఒక్క కాగితం కూడా వేయలేదు. “ఆయన సీటు అది. ఆయన సీటులోంచి కాగితం నా మీద పడింది. కోపం కాదు. కోపం ఉంటే అరుస్తా. నేను బాగా అరుస్తా. పాట పెడితే కాగితం కనిపిస్తోంది. అందుకని పెట్టలేదు.”

“ఆమె గొంతు... నా వల్ల...”

ఆంటీ నన్ను జాలిగా చూశారు. “గొంతుకు కాగితం ఏం చేస్తుంది? నువ్వు అంత పెద్దవాడివి కాదు, డౌన్‌స్టేర్స్.”

జీవితంలో నన్ను ఎవరైనా తక్కువ చేసి మాట్లాడినందుకు కళ్ళు తడిసింది అదొక్కసారే.

తర్వాతి శనివారం రెండు తట్లు. బల్ల మీద ఎర్ర కాగితాల దొంతర, రెండు కత్తెర్లు. “ఎరుపు మంచిది. తెలుపు వద్దు. మళ్ళీ వచ్చినప్పుడు ఎరుపు వేద్దాం,” అన్నారు. కత్తెర్లు పక్కన పెట్టించి, బొటనవేలి గోరు చూపించి, చేత్తో చింపడం నేర్పాను. ఆవిడ మిల్లు చేతులకు పది నిమిషాల్లో పట్టుబడింది. ఒక బిస్కెట్ డబ్బా నింపాం.

ఏడాది దాటింది. గాయని మళ్ళీ వేదిక ఎక్కుతుందన్న కబురు ఇంతవరకు లేదు. సాయంత్రం ఆరింటికి పాట మాత్రం మళ్ళీ దిగుతోంది. కొన్ని రోజులు తట్లు ఉంటాయి, కొన్ని రోజులు ఉండవు. లేని రోజు వెంట్ కింద కుర్చీ వేసుకుని అన్నం తింటాను. డబ్బా ఆంటీ ఫ్రిజ్ మీదే ఉంది. అప్పుడప్పుడు మూత తీసి, ముక్కలు అంటుకుపోయాయేమోనని వేళ్ళతో ఒకసారి విడదీసి మళ్ళీ పెడతారు. కచేరీ ప్రకటిస్తే ఎప్పటిలాగే రెండు నొక్కుతానన్నారు. ఆ రెండో సీటు ఎవరిదని నేను అడగలేదు.